గాలికి ఎదురు నడిచే నీళ్లు: తూర్పు తీర ప్రవాహం ఏటా రెండుసార్లు ఎందుకు తిరగబడుతుంది?

నవంబరులో విశాఖ తీరానికి నలభై కిలోమీటర్ల లోపలికి వెళ్లి ఒక ఖాళీ డ్రమ్మును నీళ్లలో వదిలితే, చాలావరకు అది కాకినాడ, మచిలీపట్నం దిక్కుగా కొట్టుకుపోతుంది. అదే డ్రమ్మును మార్చి నెలాఖరులో వదిలితే కళింగపట్నం, గోపాల్‌పూర్ దారి పడుతుంది. రెండు నెలల్లోనూ నీటి వేగం సెకనుకు అర మీటరు నుంచి మీటరు దాకా ఉండొచ్చు. అర మీటరే అనుకున్నా రోజుకు 43 కిలోమీటర్లు.

దీన్నే భారత తూర్పు తీర ప్రవాహం అంటారు. మహాసముద్రాల పడమటి అంచున పారే గల్ఫ్ స్ట్రీమ్, కురోషియో లాంటివి ఏడాది పొడుగునా ఒకే వైపు పోతాయి. మనది మాత్రం ఏటా రెండుసార్లు వెనక్కి మళ్లుతుంది. ఋతుపవనాలు దిశ మారతాయి కాబట్టి నీరూ మారుతుందని ఒక్క ముక్కలో తేల్చేయడం అలవాటైపోయింది. ఆ మాటలో సగమే నిజముంది. మిగతా సగం కోసం గాలిని, నీటిని నెలనెలా పక్కపక్కన పెట్టి చూడాలి.

ఫిబ్రవరిలో బంగాళాఖాతం మీద ఇంకా ఈశాన్య గాలే వీస్తుంటుంది. కానీ తీరం వెంట నీరు అప్పటికే ఉత్తరానికి మళ్లడం మొదలుపెడుతుంది, అంటే గాలికి ఎదురుగా. మార్చి, ఏప్రిల్‌లో ఉత్తర ప్రవాహం ఏడాది మొత్తంలో గరిష్ఠానికి చేరుతుంది. గాలి మాత్రం అప్పుడు ఓ మోస్తరే. జులై, ఆగస్టులో నైరుతి గాలి ఉద్ధృతంగా వీస్తుంది. ప్రవాహం చూస్తే దిక్కుతోచనట్టు ఉంటుంది: దక్షిణ తీరంలో ఉత్తరానికి, ఉత్తర తీరంలో దక్షిణానికి, మధ్యలో ఎటూ కాకుండా. ఈశాన్య గాలి పూర్తిగా కుదురుకోకముందే, సెప్టెంబరు, అక్టోబరులలో, ఉత్తరం నుంచి దక్షిణ ప్రవాహం దిగడం మొదలై నవంబరుకు పతాకస్థాయికి వెళ్తుంది. జనవరిలో ఈశాన్య గాలి ఇంకా వీస్తూనే ఉంటుంది, ప్రవాహం మాత్రం సడలిపోతుంది. గాలి ఒక్కటే కారణమైతే ఈ క్యాలెండరు ఇలా ఉండదు.

దిక్కుల తిరకాసు

ముందుకు పోయే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. ఈ రంగంలో కొత్తవాళ్లు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. గాలికి అది వచ్చే దిక్కు పేరు పెడతాం, ప్రవాహానికి అది పోయే దిక్కు పేరు పెడతాం. నైరుతి గాలి నైరుతి నుంచి వస్తుంది. నైరుతి ప్రవాహం నైరుతికి పోతుంది. కాబట్టి నైరుతి గాలి, ఈశాన్య ప్రవాహం రెండూ ఒకే వైపు పోయేవే. ఒక దత్తాంశ పట్టికలో గాలి దిశ 225 డిగ్రీలు, ప్రవాహ దిశ 45 డిగ్రీలు అని ఉంటే అవి ఎదురెదురు కాదు, చెట్టపట్టాలు వేసుకొని నడుస్తున్నాయని అర్థం.

రెండో చిక్కు తీరం వాలు. మాటవరసకు ఉత్తర ప్రవాహం అంటాం గానీ కాకినాడ నుంచి విశాఖ దాకా తీరం ఉత్తర దిక్కుకు దాదాపు 50 డిగ్రీలు తూర్పుగా వాలి ఉంటుంది. నెల్లూరు దగ్గరైతే ఇంచుమించు నిట్టనిలువు. విశాఖ దగ్గర తీరానికి సమాంతరంగా సెకనుకు 0.5 మీటర్ల ప్రవాహం ఉంటే అందులో ఉత్తర భాగం 0.32 మీటర్లే. ఉత్తర భాగాన్ని మాత్రమే గ్రాఫు గీసేవారు మూడో వంతుకు పైగా ప్రవాహాన్ని పోగొట్టుకుంటారు. తూర్పు భాగాన్ని 0.77తో, ఉత్తర భాగాన్ని 0.64తో గుణించి కలిపితేనే అక్కడి తీరం వెంట అసలు వేగం వస్తుంది. ఈ రెండూ 50 డిగ్రీల సైన్, కొసైన్ విలువలు. నెల్లూరుకు ఇదే గుణకం వాడితే లెక్క చెడిపోతుంది. తీరం ఎక్కడికక్కడ ఎంత వాలి ఉందో కొలిచి వేరుగా వేసుకోవాల్సిందే.

నీటి వాలు చెప్పే లెక్క

ఇంత నీటిని కదిలించే బలం ఎక్కడిది? సముద్రపు నీరు పల్లానికి పారదు. తిరిగే భూమి మీద, కొన్ని రోజులకు మించి సాగే కదలికల్లో, నీరు వాలుకు అడ్డంగా పారుతుంది. ఉత్తరార్ధగోళంలో ఎత్తైన నీరు ప్రవాహానికి కుడి చేతి వైపు ఉంటుంది. మన తీరం వెంట ఉత్తరానికి పోయే నీటికి కుడి వైపున నడిసముద్రం ఉంది. కాబట్టి మార్చిలో తీరం దగ్గర నీటిమట్టం తగ్గి, లోపల ఎక్కువగా ఉంటుంది. నవంబరులో అటుది ఇటు: తీరం దగ్గర ఎత్తు, లోపల పల్లం. దక్షిణానికి పోయే నీటికి కుడి వైపున ఉండేది తీరమే కదా.

ఈ ఎత్తుపల్లాలు కంటికి కనబడేవి కావు. విశాఖ అక్షాంశం దగ్గర 100 కిలోమీటర్ల దూరంలో 20 సెంటీమీటర్ల తేడా ఉంటే చాలు, సెకనుకు 0.44 మీటర్ల ప్రవాహం పుడుతుంది. గురుత్వ త్వరణాన్ని (9.8) ఆ అక్షాంశపు కోరియాలిస్ విలువతో, అంటే భూభ్రమణం కదిలే నీటిని ఎంతగా పక్కకు మళ్లిస్తుందో చెప్పే సంఖ్యతో (0.0000443) భాగించి, వాలుతో (0.2 బై 1,00,000) గుణిస్తే వచ్చే జవాబు ఇది. జానెడు తేడా, జిల్లా దాటేంత దూరంలో. దీన్నుంచి ఒక పనికొచ్చే సంగతి తెలుస్తుంది: ప్రవాహం ఎందుకు మారిందని అడగడమంటే తీరం దగ్గరి నీటిమట్టాన్ని ఎవరు పెంచారు, ఎవరు తగ్గించారు అని అడగడమే.

నలుగురు బాధ్యులు

మొదటిది తీరం వెంట వీచే స్థానిక గాలి. గాలి తోసే పైపొర నీరు మొత్తంగా చూస్తే గాలికి కుడి వైపు తొంభై డిగ్రీలు పక్కకు జరుగుతుంది. దీన్ని ఎక్మన్ రవాణా అంటారు. నైరుతి గాలి వీచేటప్పుడు నీరు తీరం నుంచి లోపలికి జరిగి, తీరం దగ్గర మట్టం తగ్గి, అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. ఈశాన్య గాలిలో నీరు తీరానికి వచ్చి పోగుపడుతుంది. పాఠ్యపుస్తకాల వివరణ ఇక్కడితో ఆగిపోతుంది.

రెండోది నడి బంగాళాఖాతం మీది గాలి మెలిక. గాలి అన్నిచోట్లా ఒకే బలంతో, ఒకే దిక్కుకు వీయదు. శీతకాలం చివర, వసంతంలో అఖాతం మీద గాలి సవ్యదిశలో మెలి తిరుగుతుంది. అప్పుడు నీరు నలుమూలల నుంచి మధ్యకు చేరి గుట్టపడుతుంది. ఆ గుట్ట చుట్టూ పెద్ద సుడి ఏర్పడి, దాని పడమటి అంచు మన తీరాన్ని ఆనుకొని ఉత్తరానికి ఉరుకుతుంది. మార్చి, ఏప్రిల్ ప్రవాహానికి ప్రధాన కారణం ఇదే. వానాకాలంలో మెలిక దిశ మారుతుంది. నడిసముద్రం తీరపు నీటిని దక్షిణానికి లాగుతుంటే స్థానిక నైరుతి గాలి ఉత్తరానికి తోస్తుంటుంది. ఈ తాడులాటలో ఎవరూ గెలవరు. జులైలో ప్రవాహం చతికిలపడటానికి కారణం బలం లేకపోవడం అనుకుంటే పొరపాటు. ఎదురెదురుగా ఉన్న రెండు పెద్ద బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడమే అసలు సంగతి.

మూడోది భూమధ్యరేఖ నుంచి వచ్చే కబురు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అందమైన భాగం ఇదే. ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లోనూ అక్టోబరు-నవంబరుల్లోనూ, హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖ వెంట నీరు తూర్పుకు వేగంగా ఉరుకుతుంది. 1973లో క్లాస్ విర్ట్‌కి వివరించిన ఈ ప్రవాహాలను ఆయన పేరుతోనే విర్ట్‌కి జెట్లు అంటున్నారు. వీటితోపాటు కెల్విన్ అల అనే లోతట్టు అల ఒకటి తూర్పుకు సాగుతుంది. ఒడ్డున విరిగే అలలతో దీనికి పోలికే లేదు. సముద్రపు పైన ఇది కొన్ని సెంటీమీటర్లు లేస్తే, లోపల వెచ్చటి పైనీటికీ చల్లటి అడుగునీటికీ మధ్య ఉన్న సరిహద్దు పదుల మీటర్లు కిందికి దిగుతుంది.

సుమత్రాను తాకాక ఈ అలలో కొంత భాగం తీరాన్ని పట్టుకొని ఉత్తరానికి మళ్లుతుంది. ఉత్తరార్ధగోళంలో తీరపు కెల్విన్ అల తీరాన్ని ఎప్పుడూ కుడి చేతి వైపే ఉంచుకొని నడుస్తుంది. కనుక అండమాన్ సముద్రం, మయన్మార్, బంగ్లాదేశ్ తీరాలు చుట్టి ఒడిశా, ఆంధ్ర, తమిళనాడు తీరాల వెంట దక్షిణానికి దిగుతుంది. వేగం సెకనుకు సుమారు 2.5 మీటర్లు, రోజుకు 216 కిలోమీటర్లు. సుమత్రా నుంచి విశాఖకు అంచు వెంట దాదాపు 4 వేల కిలోమీటర్ల దూరాన్ని మూడు వారాల లోపే చుట్టేస్తుంది. నెమ్మదిగా సాగే రెండో రకానికి, అంటే సెకనుకు 1.5 మీటర్లదానికి, నెల పడుతుంది. విశాఖ దగ్గర దీని ప్రభావం తీరం నుంచి 60 కిలోమీటర్ల వెడల్పులోనే కూడుకొని ఉంటుంది.

ఇలాంటి అలలు ఏడాదికి నాలుగు బయల్దేరతాయి: జనవరి-మార్చిలో మట్టం తగ్గించేది, ఏప్రిల్-జూన్‌లో పెంచేది, జులై-సెప్టెంబరులో మళ్లీ తగ్గించేది, అక్టోబరు-డిసెంబరులో మళ్లీ పెంచేది. అన్నీ అంచంతా చుట్టి మన దాకా రావు. మొదటిది, చివరిది మాత్రమే బలంగా వస్తాయి. మధ్యలో రెండూ తూర్పు, ఈశాన్య బంగాళాఖాతంలోనే చాలావరకు సన్నగిల్లిపోతాయి. జనవరి-మార్చి అల మన తీరపు మట్టాన్ని దించి ఉత్తర ప్రవాహానికి చేయందిస్తుంది. గాలికి ఎదురుగా నీరు తిరగడం వెనుక దీని వాటా ఉంది. అక్టోబరు అల మట్టాన్ని పెంచి దక్షిణ ప్రవాహాన్ని మరింత ఉరికిస్తుంది.

నాలుగోది అఖాతానికి తూర్పున, ఉత్తరాన ఉన్న తీరాల మీది గాలి. అక్కడ పుట్టిన మార్పు రెండు దారుల్లో మనల్ని చేరుతుంది. అంచు చుట్టి కెల్విన్ అలగా వస్తే వారాల్లో పని. అఖాతాన్ని అడ్డంగా దాటుకొని, రాస్‌బీ అల అనే నెమ్మదైన పెద్ద అలగా వస్తే నెలల పని. రాస్‌బీ అల ఎప్పుడూ పడమటికే సాగుతుంది, వేగం అక్షాంశాన్ని బట్టి మారుతుంది. సిద్ధాంతం ప్రకారం లెక్కేస్తే 5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర రోజుకు 75 కిలోమీటర్లు, 17 డిగ్రీల దగ్గర 6 లేదా 7 కిలోమీటర్లే. విశాఖ ఎదురుగా అఖాతం వెడల్పు దాదాపు 1,250 కిలోమీటర్లు. అంటే మయన్మార్ తీరంలో నేడు బయల్దేరిన కబురు ఈ దారిన మనకు చేరేసరికి ఆరు నెలలు దాటుతుంది. ఋతువు మారిపోయాక వచ్చే జాబు అన్నమాట.

సముద్రంలో నది

గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వానాకాలంలోనే ఉప్పొంగి మంచినీటిని అఖాతంలో కుమ్మరిస్తాయి. ఈ నీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైనే పొరగా తేలుతుంది. అక్టోబరులో దక్షిణ ప్రవాహం ఊపందుకోగానే ఆ పొరను తీరం వెంట లాక్కుపోతుంది.

ఈ సంగతిని పట్టించిన పద్ధతి ఎంతో సాదాసీదాది. 2005 మే నుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ మత్స్యకారుల చేత తీరం వెంట ఎనిమిది చోట్ల, అయిదు రోజులకోసారి, మోకాలి లోతు నీటిలో నిలబడి నమూనాలు పట్టించింది. ఓడ అక్కర్లేదు, సీసా ఉంటే చాలు. ఒడ్డున పట్టిన నీళ్లు లోపలి సముద్రం సంగతి ఎలా చెబుతాయన్న అనుమానం సహజమే. నడిసముద్రపు నమూనాలతో పోల్చి చూస్తే సరిపోయాయి. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వానాకాలం చివర ఉత్తర బంగాళాఖాతంలో ఉప్పదనం కిలో నీటికి 10 గ్రాములకు మించి పడిపోతుంది. ఆ తీపి నీటి ముక్క దాదాపు 100 కిలోమీటర్ల వెడల్పు పట్టీగా తీరం వెంట దిగి రెండున్నర నెలల్లో ద్వీపకల్పం కొసకు చేరుతుంది. పరిశోధకులు దానికి పెట్టిన పేరే సముద్రంలో నది. 1,500 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 75 రోజులకు పంచితే రోజుకు 20 కిలోమీటర్లు, సెకనుకు పావు మీటరుకు కాస్త తక్కువ. నవంబరు గరిష్ఠ వేగం కంటే ఇది తక్కువగా ఉండటంలో వింతేమీ లేదు. దారిలో సుడులున్నాయి, అలిసిపోయే రోజులున్నాయి, ఎదురు తిరిగే వారాలూ ఉన్నాయి. ఆ నీటిలో కొంత శ్రీలంకను చుట్టి ఆగ్నేయ అరేబియా సముద్రంలోకీ వెళ్తుంది.

బీచి ఇసుకతో కలపొద్దు

ఉప్పాడ కోత, విశాఖ ఆర్కే బీచి కోత మాట వచ్చినప్పుడల్లా ప్రవాహం ఇసుక లాక్కుపోతోందని అంటుంటారు. ఆ ఇసుకను మోసేది ఈ ప్రవాహం కాదు. ఒడ్డున అలలు ఏటవాలుగా విరిగినప్పుడు అలలు విరిగే మేర వరకే, ఒడ్డును ఆనుకొని, సన్నటి పట్టీలో ఒక చిన్న ప్రవాహం పుడుతుంది. ఇసుక దాని మీద సాగుతుంది. దక్షిణం నుంచి వచ్చే అలలు ఏడాదిలో ఎక్కువ నెలలుంటాయి కాబట్టి మన తీరంలో మొత్తంగా ఇసుక నడక ఉత్తరానికే. చెన్నై ఓడరేవుకు దక్షిణాన మెరీనా పెరగడానికి, ఉత్తరాన రాయపురం తరిగిపోవడానికి కారణం ఇదే. గోదావరి ఇసుకతో కాకినాడ అఖాతానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె ఉత్తరానికి సాగడం కూడా దీని పనే. నవంబరులో లోపల నీరు మీటరు వేగంతో దక్షిణానికి పోతున్నంత మాత్రాన ఏడాది మొత్తం మీద ఇసుక లెక్క తారుమారు కాదు.

కొలతలో జారే చోట్లు

ప్రవాహాన్ని కొలిచే సాధనాలు ముఖ్యంగా మూడు. ఒక్కోదానికి ఒక్కో గుడ్డి మచ్చ ఉంది.

ఏడీసీపీ అనేది ధ్వని తరంగాలు పంపి, నీటిలోని నలుసుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిలో డాప్లర్ మార్పును (నలుసుల కదలిక వల్ల ధ్వని స్థాయిలో వచ్చే తేడాను) చదివే పరికరం. ఖండతీరపు వాలు మీద లంగరు వేసి, మూతి పైకి ఉండేలా నిలబెడతారు. 2009 నుంచి మన తూర్పు తీరంలో ఇలాంటివి వరసగా వేస్తున్నారు. ప్రవాహంలో వార్షిక లయ బలంగా ఉందని, పైన ఒక వైపు పోతున్నప్పుడు అడుగున తరచు ఎదురు ప్రవాహం ఉంటుందని తేల్చినవి ఇవే. అయితే దీని కిరణాలు నిలువుకు 20 డిగ్రీలు వాలి ఉంటే, పక్కలకు పోయిన ధ్వని ఉపరితలాన్ని తాకి తిరిగొచ్చి పై 6 శాతం నీటి కొలతను పాడుచేస్తుంది. 300 మీటర్ల లోతున పెడితే పైన 18 మీటర్లు పోయినట్టే. మంచినీటి పొర ఉండేది సరిగ్గా అక్కడే.

తీరంలో నిలబెట్టిన హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాల) రాడార్లు ఆ పైపొరనే చూస్తాయి. రేడియో తరంగదైర్ఘ్యంలో సగం పొడవున్న సముద్రపు అలల నుంచి సంకేతం బలంగా తిరిగొస్తుంది. 5 మెగాహెర్ట్జ్ రాడార్‌కు అవి 30 మీటర్ల అలలు. ఒక్క రాడార్ తన వైపు వచ్చే, తన నుంచి పోయే వేగాన్నే చెప్పగలదు. పూర్తి దిశ కావాలంటే రెండు కేంద్రాలు ఒకే నీటిని వేర్వేరు కోణాల నుంచి చూడాలి. రెండు కేంద్రాలనూ కలిపే గీతకు దగ్గరగా ఉన్న నీటిలో రెండూ దాదాపు ఒకే గీత వెంట చూస్తాయి కాబట్టి అక్కడి విలువలను నమ్మకూడదు.

2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ లాంటి ఉపగ్రహాలు నీటిమట్టం కొలుస్తాయి. తీరానికి దగ్గరయ్యే కొద్దీ నేల నుంచి వచ్చే ప్రతిధ్వని కలిసిపోయి కొలత చెడుతుంది. 60 కిలోమీటర్ల వెడల్పు కెల్విన్ పట్టీని అర్థం చేసుకోవాలంటే ఇది చిన్న లోపం కాదు.

పరికరం మంచిదైనా సగటు తీయడంలో పొరపాటు జరిగితే అంతా వృథా. ప్రధాన ఆటుపోటు 12.42 గంటలకోసారి వస్తుంది. రోజూ ఉదయం ఆరింటికే కొలిస్తే 14.8 రోజులకోసారి అటూ ఇటూ ఊగి వచ్చే దొంగ ప్రవాహం ఒకటి పట్టికలో ప్రత్యక్షమవుతుంది. నిజానికి అది మారువేషంలో ఉన్న ఆటుపోటు. 24 గంటల సగటు తీసినా కొంత మిగులుతుంది, 25 గంటల సగటు మేలు. అదీ చాలదు. గట్టి గాలి వీచి ఆగాక నీరు గుండ్రంగా తిరుగుతుంది, విశాఖ దగ్గర ఒక చుట్టుకు 39 గంటలు, 12 డిగ్రీల అక్షాంశం దగ్గర 58 గంటలు. ఋతువుల మార్పు చూడాలనుకునేవారు కనీసం అయిదు రోజుల సగటు తీసుకుంటే ఈ రెండు బెడదలూ చాలావరకు వదులుతాయి. 30 నుంచి 90 రోజుల ఊగిసలాట, సుడులు అప్పటికీ మిగిలే ఉంటాయి. ఒక్క ఏడాది మార్చి చూసి సగటు మార్చి ఇదేనని తేల్చేస్తే ఈ ఊగిసలాటే తప్పుదారి పట్టిస్తుంది.

ఏడాదికో తీరు

హిందూ మహాసముద్ర ద్విధ్రువం ధనాత్మకంగా ఉన్న ఏడాదిలో, అంటే ఆ సముద్రపు పడమటి వైపు నీరు మామూలు కంటే వెచ్చగా, తూర్పు వైపు చల్లగా ఉన్నప్పుడు, ఉదాహరణకు 1997లో, 2019లో, భూమధ్యరేఖ మీద గాలులు తలకిందులై అక్టోబరు జెట్ బలహీనపడుతుంది. మట్టం పెంచే కెల్విన్ అల నీరసిస్తుంది. ఫలితంగా మన దక్షిణ ప్రవాహం తగ్గి, మంచినీరు ఉత్తరానే ఎక్కువగా ఆగిపోతుంది, దక్షిణ తీరంలో నీరు మామూలు కంటే ఉప్పగా ఉంటుంది. ఇండొనేషియా ఎదురుగా గాలి మారితే కడలూరు దగ్గర నీటి రుచి మారడం అంటే ఇదే.

ఈ లెక్కలన్నీ చివరికి ఎవరికి పనికొస్తాయంటే, ముందుగా సముద్రంలో తప్పిపోయినవారిని, ఒలికిపోయిన చమురును వెతికేవారికి. తప్పిపోయినవారిని వెతకడానికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం) వారి సరట్ సాధనం ఉంది. నీటి మీద తేలే చమురు తెట్టు ప్రవాహంతో పూర్తిగా సాగుతుంది, దానికి తోడు గాలి వేగంలో సుమారు 3 శాతం గాలి దిక్కుకు జరుగుతుంది. నవంబరులో సెకనుకు 0.8 మీటర్ల ప్రవాహం, 8 మీటర్ల ఈశాన్య గాలి ఉన్నాయనుకోండి. రెండూ నైరుతికే తోస్తాయి: 0.8కి 0.24 కలిపితే రోజుకు 90 కిలోమీటర్లు. వెతకాల్సిన చోటు దూరమే గానీ దిక్కులో సందేహం లేదు. జులైలో అదే బలంతో నైరుతి గాలి ఉంటే గాలి వాటా ఈశాన్యంగా రోజుకు 21 కిలోమీటర్లు. ప్రవాహం 0.2 మీటర్లే కావచ్చు, కానీ అది ఎటు పోతుందో ఆ వారం కొలత చూస్తే తప్ప తెలియదు. అనుకూలమైతే తెట్టు 38 కిలోమీటర్లు పోతుంది, ప్రతికూలమైతే వదిలిన చోటికి మూడున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. నీటిలో మునిగి తేలే మనిషికి గాలి వాటా 1 శాతం దగ్గరే, అంటే రోజుకు 7 కిలోమీటర్లు. జులైలో ఆ మనిషిని ప్రవాహం గాలికి ఎదురుగా, నైరుతికి పది కిలోమీటర్లు తీసుకుపోయి ఉండొచ్చు. గాలివాటున మాత్రమే వెతికే పడవ అటువైపు వెళ్లదు.